3,000 పైలు, ఒక్క అరటి తొక్క: ‘ద బ్యాటిల్ ఆఫ్ ద సెంచరీ’ని ఎడిటింగ్ టేబుల్ మీద పెట్టి చూస్తే

కామెడీ సీన్ టైమ్‌లైన్ మీద ఉన్నప్పుడు ఎడిటర్ వెనక కూర్చున్నవాళ్ల నోట ఎక్కువసార్లు వచ్చే మాట ‘ల్యాగ్’. చెంపదెబ్బ పడింది, తిన్నవాడు ఇంకా అలాగే నిలబడి చూస్తున్నాడు. ‘ఇక్కడ ల్యాగ్ కొడుతోందన్నా, లేపేద్దాం’ అంటారు. లేపేస్తాం. సీన్ పరుగు అందుకుంటుంది. హాల్లో మాత్రం ఎవరూ నవ్వరు. ఎందుకు నవ్వలేదో అంతు పట్టక ఇంకో సౌండ్ ఎఫెక్ట్ కలుపుతాం, ఇంకో రెండు సెకన్లు కోస్తాం, సీన్ ఇంకా ఎండిపోతుంది.

ల్యాగ్ అని కోసి పారేసిన ఆ ఫ్రేముల్లోనే నవ్వు ఉంటుందని నా నమ్మకం. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు ఈ మాట ఊరికే చెబితే ఎక్కదు. అందుకే ఒక సినిమా చూపిస్తాను. హాలీవుడ్ హాస్య జంట లారెల్, హార్డీ చేసిన రెండు రీళ్ల మూకీ ‘ద బ్యాటిల్ ఆఫ్ ద సెంచరీ’. వీధి వీధంతా ఒకరి మీద ఒకరు క్రీమ్ పైలు (పిండి రేకులో క్రీమ్ నింపిన వంటకం) విసురుకునే సినిమా. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇందులోని పైల యుద్ధాన్ని ప్రపంచం దాదాపు ఆరు దశాబ్దాల పాటు కురచ చేసిన రూపంలోనే చూసింది, ఆ తర్వాతే మొత్తం రీలు దొరికింది. ఒకే సీన్‌ను కోసిన రూపంలోనూ కోయని రూపంలోనూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఎడిటర్‌కి అరుదుగా వస్తుంది.

సినిమా సంగతి

కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీలో హాల్ రోచ్ స్టూడియోస్ తీసిన ఈ సినిమాను ఎంజీఎం 1927 డిసెంబర్ 31న విడుదల చేసింది. దర్శకుడు క్లైడ్ బ్రుక్‌మన్. అప్పటికే మూకీ హాస్యనటుడు బస్టర్ కీటన్‌తో కలిసి ‘ద జనరల్’కి దర్శకత్వం వహించినవాడు. పైనుంచి చూసుకున్నది లియో మెక్‌కేరీ. కెమెరా పట్టిన జార్జ్ స్టీవెన్స్ తర్వాతి కాలంలో ‘షేన్’, ‘జెయింట్’ లాంటి పెద్ద సినిమాలకు దర్శకుడయ్యాడు. మధ్యమధ్యలో మాటలు చూపించే టైటిల్ కార్డులు హెచ్.ఎం. వాకర్ రాశాడు. ఎడిటర్ రిచర్డ్ కరియర్. ఈ సినిమా గురించి మాట్లాడేవాళ్లు ఆ చివరి పేరు ఎప్పుడూ మర్చిపోతారు, అందుకే ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నాను.

మొదటి రీలు బాక్సింగ్. అదే ఏడాది సెప్టెంబర్ 22న షికాగోలో హెవీవెయిట్ బాక్సర్లు జాక్ డెంప్సీ, జీన్ టన్నీల పోటీ జరిగింది. డెంప్సీ కొట్టిన దెబ్బకు టన్నీ కింద పడ్డాడు, కానీ డెంప్సీ వెంటనే న్యూట్రల్ కార్నర్‌కి (ప్రత్యర్థి పడితే కొట్టినవాడు వెళ్లి నిలబడాల్సిన మూల) వెళ్లలేదు, రెఫరీ లెక్క ఆలస్యంగా మొదలుపెట్టాడు, ఈలోపు టన్నీ తేరుకుని లేచి చివరికి గెలిచాడు. అమెరికా అంతా దాని గురించే మాట్లాడుకుంటున్న రోజుల్లో రోచ్ మనుషులు దాన్ని పట్టుకుని సినిమా తీసేశారు. ఇందులో బాక్సర్ స్టాన్ లారెల్, మేనేజర్ ఆలివర్ హార్డీ. లారెల్ పొరపాటున ప్రత్యర్థిని పడగొడతాడు, పక్కకి వెళ్లమంటే వెళ్లడు. లేచిన ప్రత్యర్థి చేతిలో ఒక్క దెబ్బకు పడిపోతాడు. ఆ ప్రత్యర్థిగా చేసింది నోవా యంగ్. జనంలో ఎక్స్‌ట్రాగా కూర్చున్న ఒక కుర్రాడు లూ కాస్టెల్లో, తర్వాత తనే పెద్ద కమెడియన్ అయ్యాడు.

రెండో భాగానికి మూలం డబ్బు. ఓడిపోయిన బాక్సర్‌తో మేనేజర్‌కి ఏం పని? ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు (యూజిన్ పాలెట్) మాటలు విని హార్డీ తన మిత్రుడి మీద ప్రమాద బీమా తీస్తాడు. ఇక ప్రమాదం జరగడమే తరువాయి. లారెల్ నడిచే దారిలో అరటి తొక్క వేస్తాడు. దాని మీద కాలేసి పడింది లారెల్ కాదు, ట్రేలో పైలు మోసుకొస్తున్న డెలివరీ మనిషి చార్లీ హాల్. అక్కడ మొదలవుతుంది.

పాతబడిన జోకుని ఎత్తుకున్నారు

మనవాళ్లలో చాలామంది మూకీ కామెడీ అంటేనే ముఖాన పైలు కొట్టుకోవడం అనుకుంటారు. నిజానికి 1927 నాటికి అది అరిగిపోయిన జోకు. 1910ల్లో మాక్ సెనెట్ కీస్టోన్ కంపెనీ దాన్ని వాడి వాడి పిప్పి చేసింది. రోచ్ స్టూడియోలో కథా చర్చలో మళ్లీ ఆ ప్రస్తావన వచ్చినప్పుడు, తీస్తే ఇక తర్వాత ఎవరూ తీయడానికి మిగలనంతగా తీయాలన్నది వాళ్ల పట్టుదల. లాస్ ఏంజిల్స్ పై కంపెనీలో ఒక రోజు తయారైన సరుకంతా కొనేశారని చెబుతారు. 3,000 అన్న లెక్క ఎక్కువగా ప్రచారంలో ఉంది, దాన్ని మించి చెప్పేవాళ్లూ ఉన్నారు.

నాకు ఆ లెక్క కన్నా ముఖ్యమైనది లారెల్ చాలా ఏళ్ల తర్వాత జీవిత చరిత్రకారుడు జాన్ మెక్‌కేబ్‌తో చెప్పిన మాట. ఆ యుద్ధాన్ని మనస్తత్వం లెక్కలో పెట్టి తీశామని, విసిరిన ప్రతి ఒక్కటీ పనికొచ్చేలా చూసుకున్నామని అన్నాడు. వేల సంఖ్యలో సరుకు చేతిలో ఉన్నప్పుడు కూడా ఒక్కోదాన్ని లెక్కపెట్టుకుని వాడిన మనుషులు వీళ్లు. సినిమాను ఫ్రేము ఫ్రేముగా చూస్తే ఆ మాట అక్షరాలా నిజమని తెలుస్తుంది.

తగిలాక ఏం జరుగుతుంది

జారి పడ్డ డెలివరీ మనిషి లేవగానే కొట్టడు. ఏం జరిగిందో ముందు అర్థం చేసుకుంటాడు. తొక్క ఎక్కణ్నుంచి వచ్చింది, ఎవరి పని. అది తేలాకే హార్డీ ముఖానికి క్రీమ్ చేరుతుంది. హార్డీ కూడా అంతే. ముఖమంతా తెల్లగా అయినా పెద్దమనిషి తరహా వదలడు. కెమెరా వైపు చూసే అతని అలవాటు తెలిసిందే కదా. ‘చూశారా, నాకెంత అవమానం జరిగిందో’ అని మనకు అర్జీ పెట్టుకుంటాడు. ఆ చూపు పూర్తయ్యాకే చెయ్యి కదులుతుంది.

ఈ పద్ధతి మెక్‌కేరీ, లారెల్, హార్డీలు కలిసి పదును పెట్టింది. ఒకడు కొడుతుంటే రెండోవాడు ఆపడు, తప్పుకోడు, నిలబడి చూస్తాడు. తన వంతు రాగానే తాపీగా తిరిగి ఇస్తాడు. ఆ తర్వాత వచ్చిన ‘టూ టార్స్’లో కార్లు, ‘బిగ్ బిజినెస్’లో ఒక ఇల్లు ఇదే లెక్కలో నాశనమవుతాయి. గొడవలో ఇంత క్రమశిక్షణ ఉండటమే దాన్ని హాస్యం చేస్తుంది.

ఇక్కడ ఎడిటర్ గమనించాల్సిన వరస ఉంది. విసరడం, తగలడం, తెలుసుకోవడం, నిర్ణయించుకోవడం, మళ్లీ విసరడం. మామూలుగా మనం మొదటి రెండూ, చివరిదీ ఉంచి మధ్యలో ఉన్నవి తీసేస్తాం, అక్కడ ‘ఏమీ జరగట్లేదు’ గనక. కానీ ప్రేక్షకుడు పాత్ర బుర్రలోకి దూరేది ఆ రెండు మెట్ల మీదే. ఇప్పుడు వీడు ఏం చేస్తాడు? ఊరుకుంటాడా? ఊరుకోడు. ఊరుకోడని మనకు ముందే తెలుసు, అతనికి ఇంకా తెలియదు. ఆ తేడాలోనే నవ్వు పుడుతుంది. తగిలిన క్షణంలో వచ్చేది ఉలికిపాటు మాత్రమే, అసలు నవ్వు ఆ తర్వాత సెకన్లో వస్తుంది. దానికి చోటు ఉంచకపోతే ఉలికిపాట్ల మీద ఉలికిపాట్లు పడి ప్రేక్షకుడు అలిసిపోతాడు.

గొడవ పెరిగే తీరు ఇంకో విశేషం. గురి తప్పిన క్రీమ్ పై దారిన పోయే ఒక యువతికి (డొరోతీ కోబర్న్) వెనక వైపు తగులుతుంది. ఆమె కేకలు పెట్టదు, పరిగెత్తదు. గౌరవం తగ్గకుండా గొడవలోకి వస్తుంది. అక్కణ్నుంచి గురి తప్పిన ప్రతిదీ ఒక కొత్త మనిషిని లాక్కొస్తుంది. బూట్లు పాలిష్ చేయించుకుంటున్నవాడు, టాప్ హ్యాట్ పెట్టుకున్న పెద్దమనిషి, కారులో కూర్చున్న గొప్పింటి ఆవిడ, కిటికీలోంచి తొంగిచూసిన ఇల్లాలు, మ్యాన్‌హోల్‌లో పనిచేస్తున్న కార్మికుడు. దంతవైద్యుడి కుర్చీలో ఒకాయన నోరు బార్లా తెరిచి కూర్చుని ఉంటాడు. ఆ తెరిచిన నోరు కనబడగానే, అందులోకి ఏం రాబోతోందో హాలంతటికీ తెలిసిపోతుంది.

ప్రతి కొత్త మనిషీ తన పనిలో తానున్నాడు. సినిమా ఆ పనిని మనకు చూపించి మరీ చెడగొడుతుంది. పని చూపించకుండా కేవలం ముఖానికి తగిలినట్టు చూపిస్తే అతను ఎక్స్‌ట్రా అవుతాడు, ఒక్క క్షణం పని చూపిస్తే పాత్ర అవుతాడు. ఎక్స్‌ట్రాకి తగిలితే ఎవరికీ పట్టదు.

చివరికి స్టీవెన్స్ కెమెరా దూరం జరిగి వీధి మొత్తాన్ని ఒకే ఫ్రేములో చూపిస్తుంది. ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియదు, గాలి నిండా పైలు. ఆ వైడ్ షాట్ అంత గొప్పగా పేలడానికి కారణం, అప్పటిదాకా మనం ఒక్కొక్కరినీ విడివిడిగా కలుసుకుని ఉండటం. సీన్ మొదట్లోనే ఆ షాట్ వేసి ఉంటే అది గుంపు మాత్రమే.

ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన షాట్‌లో ఎవరూ దేన్నీ విసరరు. అనీటా గార్విన్ ముస్తాబై మలుపు తిరిగి వస్తుంది, కాలు జారి సరిగ్గా నేల మీద పడి ఉన్న ఒక క్రీమ్ పై మీద కూలబడుతుంది. ఏదో మెత్తగా, చల్లగా తగిలింది. అదేమిటో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ముఖంలో అనుమానం, సిగ్గు, ఎవరైనా చూశారేమోనన్న భయం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. లేచి, కాలు ఒకసారి విదిలించి, ఏమీ జరగనట్టు వెళ్లిపోతుంది. తల నుంచి పాదం దాకా ఒకే ఫ్రేములో ఉంది. దీన్ని మనం ఎడిట్ చేస్తే పాదం క్లోజప్, ముఖం క్లోజప్, నేల మీద క్రీమ్ క్లోజప్ అని ముక్కలు చేసేవాళ్లం. ఆమె కాలు విదిలిస్తున్నప్పుడు ముఖం ఎలా ఉందో ఏకకాలంలో చూడలేకపోయేవాళ్లం.

కోసినది, కోయనిది

ఈ సినిమా దాదాపు పోయినట్టే అనుకున్నారు. 1957లో రాబర్ట్ యంగ్‌సన్ మూకీ హాస్యం మీద ‘ద గోల్డెన్ ఏజ్ ఆఫ్ కామెడీ’ అనే సంకలనం చేస్తూ పైల యుద్ధంలోంచి కొంత భాగం తీసుకున్నాడు. పాత నైట్రేట్ ఫిల్మ్ పాడైపోయి, చాలాకాలం పాటు లోకానికి మిగిలింది ఆ ముక్కే. బాక్సింగ్ ఉన్న మొదటి రీలు 1979లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో బయటపడింది. రెండో రీలు పూర్తిగా 2015లో దొరికింది. ఫిల్మ్ కలెక్టర్, మూకీలకు పియానో వాయించే జాన్ మిర్సాలిస్ తను కొన్న సేకరణలో 16 ఎంఎం ప్రింట్ ఉండటం గమనించాడు. అది ఒకప్పుడు యంగ్‌సన్ దగ్గరున్న సరుకే. ఆ ఏడాది జూన్‌లో వర్జీనియాలోని కల్‌పెపర్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జరిపిన ‘మోస్ట్‌లీ లాస్ట్’ సమావేశంలో ఆ సంగతి ప్రకటించారు. 2020లో భద్రపరచాల్సిన సినిమాల జాబితా అయిన అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో ఈ సినిమాకు చోటు దక్కింది.

యంగ్‌సన్‌ను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన ఆ ముక్క దాచకపోతే ఈ సినిమా పేరు కూడా ఎవరికీ గుర్తుండేది కాదు. ఆయనది సంకలనం, నిడివి పరిమితం, మీదుగా వ్యాఖ్యానం నడుస్తుంది, అందుకని దెబ్బల్ని దగ్గరికి జరిపాడు. ఆ రూపం కూడా నవ్విస్తుంది. కానీ చూసినవాళ్లకు గుర్తుండేది ‘ఎన్ని పైలో!’ అన్నదే.

పూర్తి రీలు చూస్తే గుర్తుండేవి ముఖాలు. మొదటి కొన్ని నిమిషాల్లో గొడవ ఎంత నిదానంగా, ఎంత మర్యాదగా నడుస్తుందో అప్పుడే తెలుస్తుంది. ఇంకో తేడా కారణానికి సంబంధించింది. బీమా సంగతి తెలియకుండా చూస్తే అరటి తొక్క ఒక ఆకతాయి పని. తెలిసి చూస్తే అది మిత్రద్రోహం. సొంత మనిషి కాలు విరిగితే డబ్బొస్తుందని వేసిన తొక్క. కాబట్టి హార్డీ ముఖాన పడ్డ క్రీమ్ న్యాయమైనది, ప్రేక్షకుడు మనస్ఫూర్తిగా నవ్వుతాడు. ఆ తర్వాత అమాయకులకు తగిలినా ఆ నవ్వు ఊపు ఆగదు. తొలి దెబ్బ అర్హుడికి పడటం స్లాప్‌స్టిక్‌లో (పడటం, కొట్టుకోవడం మీద నడిచే హాస్యంలో) చాలా పెద్ద విషయమని నేను ఈ సినిమా చూశాకే గట్టిగా నమ్మాను.

తిండి విసిరితే మనకు నవ్వొస్తుందా

ఈ సినిమా మన ప్రేక్షకుల ముందు వేసినప్పుడు ఒక సంగతి గమనిస్తాను. కుర్రవాళ్లు మొదటి నుంచీ నవ్వుతారు. పెద్దవాళ్లలో కొందరు ‘అయ్యో, అంత తిండి నేలపాలు చేశారే’ అంటారు. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని విని పెరిగినవాళ్లం, కంచంలో మెతుకు మిగిలితే తిట్లు తిన్నవాళ్లం. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. క్రీమ్ పై మనకు దూరపు వస్తువు కాబట్టి కాసేపటికి వాళ్లూ నవ్వులో కలుస్తారు. అదే తెల్లటి అన్నం అయితే కలవరు.

నిజానికి మూకీల్లో విసిరినవన్నీ తినడానికి చేసినవి కావు. విసరడానికి ప్రత్యేకంగా చేయించే విధానాన్ని కీటన్ తన ఆత్మకథలో వివరించాడు. చేతిలో విరిగిపోకుండా పిండి రేకును రెండు పొరలుగా కాల్చి అతికించాలి, లోపల పెట్టే గుజ్జు రంగు తగలబోయే మనిషి జుట్టు రంగును బట్టి మారాలి. నలుపు తెలుపు సినిమాలో మరక స్పష్టంగా కనిపించాలి కదా. అంటే అది తిండి ఆకారంలో ఉన్న ఒక ప్రాపర్టీ, షూటింగ్‌లో వాడే వస్తువు. ముఖాన అంటుకుంటుంది, దెబ్బ తగలదు, రక్తం రాదు, గాయం లేకుండా పరువు మాత్రమే పోతుంది. రాయి విసిరితే కొట్లాట, కుండ విసిరితే భయం. దీనితో అయితే ఎంత దూరమైనా వెళ్లొచ్చు.

మా పెళ్లి భోజనాల సీన్

ఈ పాఠం నాకు నేరుగా పనికొచ్చిన సందర్భం ఒకటి చెబుతాను. ఒక వెబ్ సిరీస్‌లో పెళ్లి భోజనాల దగ్గర గొడవ. మగపెళ్లివారి మేనమామ చొక్కా మీద సాంబారు ఒలుకుతుంది, అక్కణ్నుంచి రెండు వైపులా చట్నీలు, పెరుగు, పాయసం, అన్నీ ఎగురుతాయి. షూటింగ్ బ్రహ్మాండంగా చేశారు, నాలుగు కెమెరాలు పెట్టారు. మొదటి కట్‌లో దెబ్బ మీద దెబ్బ, కింద గట్టిగా బీజీఎం. చూసినవాళ్లెవరూ నవ్వలేదు. దర్శకుడికి టెన్షన్ పట్టుకుంది, ఇంకా ట్రిమ్ చేద్దామన్నాడు.

నేను అతన్ని కూర్చోబెట్టి ఈ రెండో రీలు చూపించాను. తర్వాత రష్ (షూట్ చేసిన ముడి ఫుటేజ్) మళ్లీ మొదటి నుంచి వెతికాం. సాంబారు ఒలికాక మేనమామ వడ్డించే కుర్రాణ్ని చూసి, తన చొక్కా చూసుకుని, ‘పర్లేదులే బాబూ’ అనబోయి, ఎదురు వరసలో ఆడపెళ్లివారి బావగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం గమనిస్తాడు. ఇదంతా ఒకే టేక్‌లో ఉంది, ల్యాగ్ అని తీసేసి ఉంది. దాన్ని యథాతథంగా పెట్టాం. మేనమామ నింపాదిగా పక్కాయన విస్తరిలోంచి పెరుగు కప్పు అడిగి తీసుకునే ముక్కను బావగారి నవ్వు తర్వాతికి జరిపాం. దెబ్బల్లో సగానికి పైగా తీసేశాం. మిగిలిన ప్రతిదానికీ తగిలినవాడు ఆలోచించే టైమ్ ఇచ్చాం. తగిలిన చోటల్లా కొట్టే సౌండ్ తీసేసి, ఆలోచించే చోట పెళ్లి సన్నాయి దూరంగా వినబడేలా ఉంచాం.

అన్నం నేల మీద పడ్డ షాట్లు, విస్తళ్లు తొక్కిన షాట్లు పూర్తిగా ఎత్తేశాం. టెస్ట్ స్క్రీనింగ్‌లో ఆ షాట్ల దగ్గరే ఆడవాళ్ల ముఖాలు ముడుచుకోవడం చూశాను. సాంబారు, పెరుగు మనుషుల మీదే పడాలి, నేల మీద కాదు అని నియమం పెట్టుకున్నాం. సీన్ నిడివి మొదటి కట్ కన్నా కొంచెం పెరిగింది. ‘ఇప్పుడు ఫాస్ట్‌గా ఉంది’ అన్నారు చూసినవాళ్లు. నవ్వు మేనమామ చూపు దగ్గర మొదలై పెరుగు కప్పు అడిగేసరికి హాలంతా అందుకుంది. బావగారి ముఖాన పెరుగు పడేటప్పటికి జనం ఆ నవ్వులోనే ఉన్నారు.

ఇది ప్రతి సీన్‌కీ పనిచేస్తుందని అనను. మాటల వేగం మీద నడిచే కామెడీలో ఆగితే చచ్చిపోతుంది. నటుడి ముఖంలో ఆలోచన లేకపోతే ఎంతసేపు ఉంచినా లాభం లేదు, అది నిజంగానే ల్యాగ్. లారెల్, హార్డీ, చార్లీ హాల్ లాంటివాళ్లు ఏమీ చేయకుండా నిలబడి ఉన్నప్పుడు కూడా లోపల ఏదో నడుస్తూ ఉంటుంది. రష్ చూసేటప్పుడు ఎడిటర్ వెతకాల్సింది దాన్నే.

చూడాలనుకునేవాళ్లకు

ఇంటర్నెట్‌లో తిరిగే పాత కాపీలతో ఈ అభ్యాసం చేయకండి. మూకీల వేగం ఒక్కో ప్రదర్శనకు ఒక్కోలా ఉండేది. వెయ్యి అడుగుల 35 ఎంఎం రీలు సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 11 నిమిషాలు నడుస్తుంది, 16 ఫ్రేముల లెక్కన 16 నిమిషాలు దాటుతుంది. తప్పు వేగంలో ఎక్కించిన కాపీలో మనుషులు బొమ్మల్లా పరిగెడతారు, నేను పైన చెప్పిన ఆలోచన ఏదీ కనబడదు. 2020లో లారెల్ హార్డీ సినిమాల పునరుద్ధరణ సెట్ బ్లూరేగా వచ్చింది. అందులో ఈ సినిమా రెండు రీళ్లూ ఉన్నాయి. మొదటిసారి సంగీతం ఆపేసి చూడండి. ఎక్కడ నవ్వొచ్చిందో టైమ్‌కోడ్ రాసుకోండి, ఆ క్షణంలో తెర మీద క్రీమ్ పై ఉందో ముఖం ఉందో పక్కన రాయండి.

ఆ సెట్‌లో కూడా ఒక ఖాళీ ఉంది. యూజిన్ పాలెట్ బీమా అమ్మే సన్నివేశం ఇప్పటికీ దొరకలేదు. స్టిల్ ఫొటోలు, టైటిల్ కార్డులతో ఆ చోటు నింపారు. కథ తెలుస్తుంది, కానీ ఎడిటర్‌గా నాకు కావాల్సింది అందులో లేదు. బీమా ఆలోచన బుర్రకెక్కాక హార్డీ లారెల్ వైపు ఎంతసేపు చూశాడు? మిత్రుణ్ని డబ్బుగా చూడటం ఏ ఫ్రేములో మొదలైంది? రెండో రీలు ఒక 16 ఎంఎం డబ్బాలో ఇన్నేళ్లూ ఉండి దొరికింది కాబట్టి, ఇదీ ఏ కలెక్టర్ బీరువాలోనో ఉండొచ్చు. అది బయటపడిన రోజున ఈ కేస్ స్టడీలో అరటి తొక్క గురించి రాసిన పేరా మళ్లీ రాస్తాను.